సముద్రతీరమున నడచువారికి వేరుబాట

నగరమునకును సముద్రమునకును నడుమనుండు సన్నని నేల మిక్కిలి విచిత్రమైనది. అది ఏ యొక్కరి సొత్తును కాదు. అయినను అందఱికిని కావలసినదే. తెల్లవారకముందే వృద్ధులు వైద్యుని మాట పాటించి అచ్చటికి నడువవత్తురు. జాలరులు తెప్పలు దింపుదురు. బాలురు బంతులాడుదురు. సాయంకాలమైనచో మూరమల్లెలమ్మువారును, పిడతకింద పప్పు చేయువారును అచ్చటనే బ్రదుకుదురు. వీరందఱి వెనుకను కార్లును మోటారుసైకిళ్లును పరుగులెత్తుచుండును. ఇట్టితావున నడచువారికై ప్రత్యేకముగ నొక బాటను నిర్మింపవలెనన్నచో మన మేమేమి ఎఱిగియుండవలెను? పైతరగతుల విద్యార్థులకు భూగోళమును బోధించునపుడు మేమీ ప్రశ్నను తప్పక యుంచుచుందుము. ఏలయన, దీనికి ఉత్తరము చెప్పుటకు భూగోళము చాలదు; గణితమును, ప్రకృతిశాస్త్రమును, పౌరధర్మమును గూడ పిలువవలసివచ్చును.

ఉదాహరణకు రెండు పట్టణములను గైకొందము. ఒకటి చెన్నపట్టణము; రెండవది మన విశాఖపట్టణము. రెండును తూర్పుతీరముననే యున్నవి. రెంటికిని రేవులున్నవి. రెంటియందును జనులు సముద్రపుటొడ్డున నడచుచున్నారు. అయినను ఒకచోట ఇసుక పెరిగెను, రెండవచోట తరుగుచున్నది.

చెన్నపట్టణమున 1875 ప్రాంతమున కృత్రిమమైన రేవును కట్టుట ప్రారంభించిరి. సముద్రములోనికి రాతికట్టలను చాచిరి. 1881వ సంవత్సరమున వచ్చిన తుపాను వానిని చాల భాగము చెడగొట్టినను పని మానక మరల కట్టిరి. ఆ 1881లోనే గవర్నరుగా వచ్చిన గ్రాంట్ డఫ్ దొర, రేవునకు దక్షిణమున తీరము వెంబడి పెరుగుచున్న ఇసుకను చూచి, 1884 ప్రాంతమున రోడ్డునకును ఇసుకకును నడుమ నడచువారికై విశాలమైన బాటను వేయించెను. తాను సిసిలీద్వీపమున చూచిన తీరవిహారస్థలము జ్ఞప్తికి వచ్చుటచే దానికి మెరీనా అని పేరిడెను. ఆయన 1886లో పదవి విడిచి వెడలిపోయెను. బాట మాత్రము నిలిచినది. నేడు మెరీనాయొద్ద ఇసుక సగటున 300 మీటర్ల వెడల్పున్నదని చెప్పుదురు. ఒకప్పుడు కెరటములు రోడ్డునకు చేరువనే విరుగుచుండెడివి అన్నచో నేటి బాలురకు నమ్మశక్యము కాదు.

ఈ ఇసుక ఎచ్చటినుండి వచ్చెను? ఈ విషయమును కొంచెము నిదానముగ చూడవలెను, ఏలయన తీరమున ఏమి కట్టదలచినను మూలమిదియే. నైరృతి ఋతుపవనకాలమున మన తీరమునకు అలలు దక్షిణపు దిక్కునుండి ఏటవాలుగ వచ్చును. అల ఒడ్డున పడునపుడు ఇసుకరేణువును ఏటవాలుగ పైకి నెట్టును; తిరిగిపోవునపుడు నీరు వాలునుబట్టి తిన్నగ క్రిందికి జాఱును. అందుచే రేణువు ఱంపపుపండ్లవంటి మార్గమున ఒక్కొక్క అలకు కొంచెముకొంచెముగ ఉత్తరమునకు జరుగును. ఈశాన్యఋతుపవనమున ఇది తలక్రిందులగును గాని, అది స్వల్పకాలమే. కావున సంవత్సరపు లెక్క చూచినచో ఇసుక ఉత్తరాభిముఖముగనే ప్రయాణము చేయుచుండును. మన తీరము నిలుకడగ నున్నట్లు కనుపడుట కేవలము భ్రమ. అది ఇసుకతో ప్రవహించు నది. పోయిన ఇసుకకు బదులు దక్షిణమునుండి వేఱు ఇసుక వచ్చుచున్నంతకాలము ఒడ్డు నిలుచును.

ఇట్టి నదికి అడ్డముగ రాతికట్ట వేసినచో నేమగును? కట్టకు దక్షిణమున ఇసుక నిలిచిపోవును. ఉత్తరమున ఆకలిగొన్న అలలు ఉన్న ఇసుకనే తీసికొనిపోవును. మెరీనా రేవునకు దక్షిణమున నుండుటచే ధనవంతమైనది. రేవునకు ఉత్తరమున నున్న రాయపురము మొదలగు చోట్ల తీరము కోసుకొనిపోగా, ఇండ్లను కాపాడుటకై పెద్దరాళ్లు పోయవలసివచ్చెను. ఒక్క కట్టయే ఒకరికి క్రీడాస్థలమును, మఱియొకరికి ఇల్లులేమిని తెచ్చెను. వెడల్పైన పళ్లెమున తడియిసుకను వాలుగ పఱచి, నీరుపోసి, చిన్న పలకతో ఒక మూలనుండి అలలు పుట్టించి, నడుమ నొక ఱాయి యుంచినచో పదినిమిషములలో దీనిని కన్నులార చూడవచ్చును. విద్యార్థులు దీనిని ఇంటియొద్దనే చేయవచ్చును. తల్లుల అనుమతి మాత్రము పొందవలెను, పళ్లెము వారిది గదా.

ఇక విశాఖపట్టణము. ఇచ్చట 1933లో రేవును తెఱచిరి. కొండయగు డాల్ఫినుముక్కు దక్షిణమున అడ్డముగ నిలిచియుండుట మేలైనను, మొగలో ఇసుక పూడకుండుటకై ఆ కాలముననే రెండు పాతయోడలను ముంచి కట్టగా నుపయోగించిరి. 1970-80 దశాబ్దమున వెలిరేవు కట్టలును లేచెను. జనులు విహరించు రామకృష్ణా బీచి రేవునకు ఉత్తరముననున్నది. అనగా చెన్నపట్టణమున రాయపురమునకు పట్టిన దశయే ఇచ్చట విహారతీరమునకు పట్టినది. అందుచే రేవువారు మొగలో త్రవ్వితీసిన ఇసుకను తెచ్చి ఈ తీరమున పోయుట అవసరమయ్యెను. తల్లికి రావలసిన భత్యమును కొడుకు మధ్యలో పట్టుకొని, తరువాత కొంత పంపినట్లు! పైగా 2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారమున హుద్‌హుద్ తుపాను నేరుగ ఈ నగరముమీదనే తీరము దాటి, బీచిరోడ్డును అనేకచోట్ల పెకలించినది.

ఇంతవఱకు భూగోళము. బాట నెచ్చట వేయవలెనను ప్రశ్న ఇప్పుడు వచ్చును. చూచువారికి సులభముగ తోచునది ఇసుకమీదనే వేయుట. ఆ నేల ఖాళీగ నున్నది, ఎవరిని లేవగొట్ట నక్కఱలేదు, ఫొటోలో అందముగ నుండును. ఇసుకపై ఇల్లు కట్టినవాని ఉపమానమును ఆదివారపు బడిలో విన్నవారికి మేము వేఱుగ చెప్పవలసినది లేదు. అయినను శాస్త్రకారణమును తెలిసికొనుట మంచిది. సముద్రమునకు దాపున నిలువుగోడ కట్టి దానిపై బాట వేసినచో, అల ఆ గోడను కొట్టి తన బలమును చల్లార్చుకొనక వెనుకకు మరలును. మరలునపుడు గోడపాదమున ఇసుకను గోకును. గోకగా గోకగా గోడ ముందరి ఇసుక దిగిపోయి, నీరు లోతై, మఱింత పెద్ద అల గోడను చేరును. అట్లు కొంతకాలమునకు పునాది బయటపడును. వాలైన ఇసుక యున్నచో అల దానిపై ప్రాకి ప్రాకి అలసిపోవును. ఇసుకయే మనకు మొదటి గోడ. దానిని తీసి రాతిగోడ కట్టుట కంచెను పెఱికి తలుపునకు తాళము వేసినట్లుండును.

2022 నవంబరు చివర మెరీనాయందు వికలాంగులు చక్రపుకుర్చీలతో నీటిదాపునకు పోవుటకై 200 మీటర్లకు పైబడిన కొయ్యబాటను తెఱచిరి. అది మెచ్చదగిన కార్యము. ఏండ్లతరబడి సముద్రమును దూరమునుండియే చూచినవారు అలల అంచును చేరిరి. కాని రెండువారములైనను గడువకముందే డిసెంబరు 9వ తేదీ రాత్రి మాండూస్ తుపాను వచ్చి దాని కొనను చెడగొట్టెను. దానిని మరల బాగుచేసిరి. దీనివలన అట్టి బాటలు వేయరాదని మేమనము. నీటిదాపునకు పోవు కొన యెప్పుడును సులభముగ విప్పి తీయదగినదిగను, చెడినచో తక్కువ వ్యయముతో మరల వేయదగినదిగను ఉండవలెను. దినదినము వేలమంది నడచు పొడుగుబాట మాత్రము పోటుగీతకు దూరముగ, ఇసుకకు వెనుక నుండవలెను.

ఇసుకకు వెనుక నున్నది రోడ్డు. కావున నిజమైన ప్రశ్న ఇది: బాటకు కావలసిన వెడల్పును ఎవరియొద్దనుండి తీసికొనవలెను? సముద్రమునొద్దనుండియా, వాహనములయొద్దనుండియా? మా అభిప్రాయము దాచనక్కఱలేదు. చెన్నపట్టణమువలె ఇసుక సమృద్ధిగ నున్నచోట ఎట్లయినను సరిపోవును. విశాఖవలె ఇసుక తరుగుచున్నచోట రోడ్డునుండియే తీసికొనవలెను. రోడ్డుపై ప్రక్కల వరుసగ నిలిపియుంచిన కార్లు ఆక్రమించు స్థలమును మాత్రము విడిపించినను చాలచోట్ల బాటకు చాలును. నిలిచియున్న కారునకు సముద్రదృశ్యముతో పనిలేదు.

నడచువారిని వేఱుచేయుట ఎందులకు, అందఱును ఒక్క త్రోవనే సర్దుకొనరాదా యని కొందఱడుగుదురు. లెక్క వేయుదము. గంటకు 4.5 కిలోమీటర్లు నడచువాడు సెకనుకు 1.25 మీటర్లు సాగును. గంటకు 18 కిలోమీటర్లు పోవు సైకిలు సెకనుకు 5 మీటర్లు పోవును. గంటకు 60 కిలోమీటర్ల కారు సెకనుకు సుమారు 16.7 మీటర్లు పోవును. అనగా త్రోలువాడు చూచి కాలు బ్రేకుపై మోపులోపల, ఒక్క సెకను పట్టినదనుకొన్నను, మన తరగతిగదికంటె ఎక్కువ దూరము దాటును. అభిఘాతపు బలము వేగముతో గాక వేగవర్గముతో పెరుగును. 60 కిలోమీటర్ల వేగము 30 కంటె రెండురెట్లు, దెబ్బ నాలుగురెట్లు. ఇది తొమ్మిదవ తరగతివారు తామే సాధింపగలరు. సముద్రతీరమున ఇంకొక విశేషమున్నది. అలలహోరు. ఊరివీథిలో వెనుకనుండి వచ్చు సైకిలుగంటను వినగల వృద్ధుడు ఇచ్చట వినజాలడు. చెవిని నమ్మి నడచు అలవాటుగలవారికి తీరము ఊరికంటె అపాయకరమైనది.

అమెరికాదేశమున లాస్ ఏంజిలీసు నగరప్రాంతపు తీరము వెంబడి సుమారు 22 మైళ్ల పొడవున సైకిలుబాట యొకటి కలదు. 2006లో దానికి మార్విన్ బ్రాడ్ అను నగరసభ్యుని పేరు పెట్టిరి. సైకిళ్లును, చక్రపుబూట్లవారును, నడచువారును ఒక్కచోట చేరుటచే చిక్కులు కలుగగా, శాంటా మోనికా వంటి తావులలో నడచువారికి ప్రక్కనే వేఱుబాటను ఏర్పఱచిరి. రాతలవలనను గీతలవలనను కానిపని, నడుమ కొంచెము ఎడమును నేలరంగులో భేదమును కల్పించినచో అగుననుట అచ్చటివారి అనుభవము.

విశాఖలో వేఱొక ఉపాయమున్నది. ఉదయమున కొంతకాలము బీచిరోడ్డులో ఒక భాగమున వాహనములను నిలిపి, రోడ్డునంతయు నడచువారికి విడుచుచుందురు. ఇది స్థలముచే గాక కాలముచే వేఱుచేయుట. ఇందు వ్యయము లేదు. ఒక పగ్గమును ఇద్దఱు పోలీసువారును చాలుదురు. మేము దీనిని మనసార శ్లాఘింతుము. కాని ఆ గంట దాటినపిమ్మట నడచువారెవరు? బడికి పోవు బాలికలు, గంపనెత్తుకొన్న జాలరిస్త్రీలు, కూలికి పోవువారు. ఆరోగ్యమునకై నడచువాడు ఇంటికి పోయెను. అవసరమునకై నడచువాడు ఇప్పుడే బయలుదేరెను. వీరికొఱకు స్థలముచే వేఱైన బాటయే కావలెను.

వెడల్పు ఎంత? ఊహచే చెప్పరాదు, ఎంచి చెప్పవలెను. రద్దీవేళ ఒక గీత దాటువారిని నిమిషమునకు ఇందఱని లెక్కింపవలెను. నిమిషమునకు 100 మంది యనుకొందము. నిమిషమునకు 75 మీటర్లు నడచుచు, ఒకరికొకరికి 3 మీటర్ల యెడముంచినచో, ఒక వరుసలో నిమిషమునకు 25 మంది పోగలరు. అప్పుడు 4 వరుసలు కావలెను. వరుసకు 75 సెంటీమీటర్ల చొప్పున 3 మీటర్లు. ప్రక్కన బెంచీలకును దీపస్తంభములకును వేఱుగ విడువవలెను. స్తంభమును బాటనడుమ పాతు ఆచారము మన ఊళ్లలో ఇంకను పోలేదు. కాలిబాట యెంత చిన్నదైనను అడ్డములేని వెడల్పు 1.8 మీటరు ఉండవలెనని భారతీయ రోడ్ల కాంగ్రెసువారి నియమము. ఎదురెదురుగ వచ్చు రెండు చక్రపుకుర్చీలు తప్పుకొనుటకు అంత కావలెను. ఎక్కుడు వాలు 12కు 1కి మించరాదు. 60 సెంటీమీటర్ల యెత్తు ఎక్కుటకు 7.2 మీటర్ల పొడవు పట్టును. ఇక మోటారుసైకిళ్లు చొరకుండ మొగలో రాళ్లు పాతుదురు. మోటారుసైకిలును ఆపునంత ఇఱుకుగ పాతినచో చక్రపుకుర్చీయు ఆగిపోవును. రెంటిలో దేనికి దారి విడువవలెననుటలో మాకు సందేహము లేదు. మోటారుసైకిలువానిని జరిమానాతో ఆపవచ్చును.

వస్తువులను గూర్చి సంగ్రహముగ చెప్పుదుము. ఉప్పుగాలి సిమెంటుకాంక్రీటులోనికి దూఱి ఇనుపచువ్వను తుప్పుపట్టించును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు కోరును గనుక లోపలినుండియే కాంక్రీటును పగులగొట్టును. కావున తీరమున ఇనుము తక్కువగనుండు పనులు మేలు. నున్నని పలకలు తడిసినచో జాఱును. ముక్కలుముక్కలుగ అమర్చు గరుకురాళ్లు తుపాను పెకలించినను ఏరి మరల పఱచుకొనవచ్చును. గాలికి ఇసుక బాటపైకి రాకుండుటకు గోడకంటె బాలబందితీగయు, రావణాసురుని మీసములను గడ్డియు మంచి కాపరులు. వానిని కలుపని పెఱికి పచ్చికబయలు నాటువారు నీటికిని డబ్బుకును నష్టము తెత్తురు.

ఇప్పుడు అన్నిటికంటె బరువైన విషయము. విశాఖయందు పెదజాలరిపేట మొదలగు పల్లెలు బీచిరోడ్డుకంటె పాతవి. అలివివల లాగుటను చూచినవారికి తెలియును: వల ఒక కొన ఒడ్డున నుంచి, పడవపై రెండవకొనను సముద్రములో చుట్టి తెచ్చి, రెండు గుంపులుగ నిలిచి, వెనుకకు వెనుకకు నడచుచు గంటలకొలది లాగుదురు. వెనుకకు నడచువానికి కటకటాలకమ్మి కనబడదు. తెప్పను ఎత్తుకొని పోవువారికి మెట్లు పనికిరావు. వలలు ఆరుటకును, చేపలు ఎండుటకును ఇసుక కావలెను. బాటపొడుగునను ఎడతెగని పిట్టగోడ కట్టినచో, షోకునకు నడచు మనవంటివారికి అలంకారము, వారికి అది చెఱసాలగోడ. కావున బాట గీయకముందే ఆ పల్లెపెద్దలతో కూర్చుండి, తెప్పలు దిగు దారులెన్ని, వల లాగు తావులెవ్వి, ఏ మాసములందని అడిగి పటమున గుఱుతింపవలెను. ఆ దారులున్నచోట బాట నేలమట్టమున నుండవలెను, గోడయుండరాదు.

చెన్నపట్టణమున 2023 ఏప్రిలులో నొచ్చికుప్పము చెంత లూపురోడ్డు అంచున చేపలమ్ముకొను అంగళ్లను తొలగింపబోగా జాలరులు రోడ్డున కూర్చుండి ఎదిరించిరి. వాహనములకు త్రోవ కావలెనని ఒకరు, ఈ ఒడ్డు మా తాతలనాటిదని మఱియొకరు. తరువాత అచ్చటనే వారికొఱకు చేపల అంగడి కట్టి 2024లో తెఱచిరి. మొదట అంగడి కట్టి పిదప త్రోవ అడిగినచో కలహమే లేకుండెడిదేమో! వీథులలో అమ్ముకొనువారిని కాపాడుటకు 2014లో పార్లమెంటు చేసిన చట్టమును ఈ సందర్భమున పెద్దతరగతులవారు చదువదగును.

మాటలాడలేని హక్కుదారులును కొందఱున్నారు. ఆలివ్ రిడ్లే యను తాబేళ్లు ఇంచుమించు జనవరి మొదలు మార్చివఱకు రాత్రివేళ మన తీరమెక్కి ఇసుక త్రవ్వి గ్రుడ్లు పెట్టును. ఒకటిన్నర రెండు మాసములకు పిల్లలు వెలువడి, చీకటిలో ఏ దిక్కు తెల్లగనుండునో ఆ దిక్కునకే ప్రాకును. సృష్టికర్త ఏర్పఱచిన క్రమమున ఆ తెలుపు సముద్రము. మనము ఎత్తుస్తంభములపై తెల్లని దీపములు వెలిగించితిమేని అవి రోడ్డువైపు వచ్చి చక్రములక్రింద పడును. విశాఖతీరమున అటవీశాఖవారు గ్రుడ్లను ఏరి దడికట్టిన తావులలో పొదిగించి పిల్లలను నీటిలో విడుచుచున్నారు. బాటదీపములు మోకాలియెత్తున, సముద్రమువైపు మూతగలిగి, ఎఱ్ఱనిపసుపువన్నె వెలుగునిచ్చునవి యైనచో నడచువారికి త్రోవ కనబడును, తాబేలుపిల్లకు త్రోవ తప్పదు.

ఇట్టి పనికి అనుమతి కావలెను. తీరప్రాంతమున కట్టడములను అదుపుచేయు ప్రకటన 1991లో మొదట వెలువడి, 2011లోను 2019లోను మార్పుచెందెను. పోటుగీత ఎచ్చటిదో సర్వేచేసి చూపవలయును. మన తీరమున పోటుపాటుల భేదము ఒకటిన్నర మీటరు ప్రాంతమే గాని, ఇసుకవాలు తక్కువైనందున ఆ కొద్దియెత్తుకే నీరు చాలదూరము లోనికి వచ్చును. వాలు 20కి 1 అయినచో 30 మీటర్లు వచ్చును.

వేసవిసెలవులలో విశాఖకో, భీమునిపట్టణమునకో, మఱియేదైన తీరపుటూరికో పోవు విద్యార్థులు ఒక కొలతబద్దను, గడియారమును, చిన్న పుస్తకమును వెంటగొనిపోవలెను. ఉదయము 6 గంటలకు ఒకమాఱు, 9 గంటలకు ఒకమాఱు, సాయంకాలము 6 గంటలకు ఒకమాఱు, ఒక్కొక్కపర్యాయము 10 నిమిషములు ఒకేచోట నిలువుడు. నడచువారిని, సైకిళ్లను, ఇతరవాహనములను వేఱువేఱు గళ్లలో గీతలు గీయుడు. నడచువారిలో వృద్ధులెందఱు, బరువు మోయువారెందఱు, చెప్పులు లేనివారెందఱు అని గూడ వ్రాయుడు. నీటియంచునుండి రోడ్డువఱకు ఇసుక యెన్ని అడుగులున్నదో నడచి కొలువుడు. అదే చోటును మరుసటియేడు గుఱుతించునట్లు దగ్గరనున్న స్తంభమునో చెట్టునో పేర్కొనుడు. బడి తెఱచిన మొదటివారమున ఆ పుస్తకములను మేము చూతుము.